గీత దాటినప్పుడు రెండోవాడు, కాగితం మీద ఏడోవాడు: ఇరుంగాట్టుకోట్టై రేసు గురించి

అంబత్తూరు_శ్రీను | శనివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. ఇవాళ జరిగింది ఎవరితోనైనా చెప్పుకోకపోతే నిద్ర పట్టేలా లేదు.

మా అక్క కొడుకు ఈ ఏడాది నేషనల్స్‌లో, అంటే జాతీయ రేసు పోటీల్లో, ఎల్‌జీబీ ఫార్ములా 4 అనే రేసు బండి నడుపుతున్నాడు. వాడి పేరు, బండి నంబరు రాయను. 19 ఏళ్ల పిల్లాడు. ఇవాళ చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో మొదటి రేసు. అక్క, బావ తెల్లారకముందే నెల్లూరులో రైలెక్కి సెంట్రల్‌లో దిగారు. నేను కార్లో ఎక్కించుకుని పూందమల్లి మీదుగా తీసుకెళ్లా. అక్క రాత్రే పులిహోర కలిపి పెద్ద క్యారియర్లో సర్దుకొచ్చింది, గ్యారేజీలో మెకానిక్ పిల్లలకి కూడా సరిపోయేలా.

ఎనిమిదో స్థానం నుంచి మొదలుపెట్టాడు. మూడో ల్యాప్‌కి ఆరు. సగం రేసు అయ్యేసరికి నాలుగు. చివర్లో రెండో స్థానంలోకి వచ్చి అలాగే గళ్ల జెండా దాటాడు. మొదటివాడికీ వీడికీ మధ్య ఒక బండి పొడవు కూడా లేదు. బావ జీవితంలో ఎప్పుడూ అరవని మనిషి, కంచె పట్టుకుని అరిచాడు. అక్క ఏడ్చేసింది.

అరగంట తర్వాత నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. మావాడు ఏడు. పేరు పక్కన 10 సెకన్ల పెనాల్టీ. కారణం, పసుపు జెండా (ముందు ప్రమాదం ఉంది, దాటొద్దు అనే సంకేతం) ఉండగా ఓవర్‌టేక్ చేశాడట. వాడేమో 'నేను అప్పటికే పక్కకి వచ్చేశాను మామయ్యా, తర్వాతే జెండా కనిపించింది' అంటున్నాడు. పొద్దున తిన్న ఇడ్లీ తప్ప ఇంతవరకూ ఏమీ ముట్టలేదు.

ఇది న్యాయమేనా? దీని మీద ఏమైనా చేయొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఓఎంఆర్_లక్ష్మి | శనివారం, రాత్రి 8:58

శ్రీను గారూ, ఎనిమిది నుంచి రెండుకి రావడమంటే మాటలు కాదండీ. ముందు పిల్లాడికి మా అందరి తరఫున అభినందనలు చెప్పండి. పెనాల్టీ సంగతి తర్వాత.

నాకో సందేహం. 2024లో చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రిపూట రేసు పెట్టారు కదా, ఆగస్టు 31, సెప్టెంబర్ 1. నేనూ మా అమ్మాయీ వెళ్లాం. మొదటిరోజు వాన, ఆలస్యం. రెండోరోజు రాత్రి మాత్రం లైట్ల కింద ఆ బండ్లు దూసుకుపోతుంటే ఒళ్లు జలదరించింది. రోజూ సిగ్నల్ దగ్గర ఇరుక్కుపోయే రోడ్డు అదేనా అనిపించింది. అక్కడ కూడా ఫార్ములా 4 అనే అన్నారు. మీవాడు నడిపేది అదేనా?

కోయంబత్తూరు_స్పానర్ | శనివారం, రాత్రి 9:20

లక్ష్మి మేడం, ఈ పేరు దగ్గర అందరూ తికమకపడతారు. రెండూ ఫార్ములా 4 అనే పేరుతోనే నడుస్తాయి కానీ బండ్లు వేరు.

ఫార్ములా 4 ఇండియన్ ఛాంపియన్‌షిప్ 2023లో మొదలైంది. ప్రపంచ మోటార్ రేసింగ్ సంస్థ ఎఫ్‌ఐఏ ప్రమాణాల ప్రకారం నడిచేది. ఫ్రాన్స్‌లో తయారైన మిగాల్ బండి, టర్బో ఇంజన్, డ్రైవర్ తలకి రక్షణగా హాలో అనే కమ్మీ. దాని ఛాంపియన్‌కు, ఫార్ములా 1 నడపడానికి కావలసిన సూపర్ లైసెన్స్ లెక్కలో 12 పాయింట్లు వస్తాయి. ఎఫ్1 సీటుకి 40 కావాలి. మొదటి ఏడాది ఆస్ట్రేలియా కుర్రాడు కూపర్ వెబ్‌స్టర్ గెలిచాడు, 2024లో దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన అకిల్ అలీభాయ్.

ఎల్‌జీబీ ఫార్ములా 4 మన గడ్డ మీద పుట్టిన బండి. మా కోయంబత్తూరులో తయారవుతుంది. స్టీలు గొట్టాల ఫ్రేము, వెనక స్విఫ్ట్ 1.3 లీటర్ ఇంజన్, నాలుగు చక్రాలూ బయటికే. అందరిదీ ఒకటే ఇంజన్, ఒకటే టైరు. మీ అప్పు పెద్దదా, మీ నాన్న జేబు పెద్దదా అన్నది ఈ బండి పట్టించుకోదు. అందుకే పదేళ్లుగా దీని మీదే పని చేస్తున్నా, దీని మీద నాకు ప్రేమ.

చెన్నై రాత్రి రేసులో ఈ ఎల్‌జీబీ బండ్లు కూడా పరిగెత్తాయి మేడం. మీరు చూసే ఉంటారు, కాస్త చిన్నగా, పాతకాలపు పోలికతో ఉంటాయి.

ఇక శ్రీను అన్నా, ఎనిమిది నుంచి రెండు ఎలా సాధ్యమంటే, గాలి. ముందు బండి గాలిని చీల్చుకుంటూ పోతుంది. దాని వెనకే అతుక్కుని వెళ్లేవాడికి ఎదురుగాలి తక్కువ, అదే ఇంజన్‌తో వేగం ఎక్కువ. స్ట్రెయిట్ (తిన్నగా ఉండే దారి) చివర పక్కకి తప్పుకుని, బ్రేకు కాస్త ఆలస్యంగా వేసి లోపలికి దూరతాడు. ఈ బండికి పెద్ద రెక్కల ఆధారం లేదు కాబట్టి మూలలో కూడా ముందువాణ్ణి వదలకుండా వెంటాడొచ్చు. అందుకే ఎల్‌జీబీ రేసులో ఆరేడు బండ్లు ఒక్క ముద్దలా తిరుగుతాయి. మీవాడికి 10 సెకన్లు ఐదు స్థానాలయ్యాయంటే కారణం అదే.

హైదరాబాదు_హరి | శనివారం, రాత్రి 9:31

అన్నా, మీ బాధ నాకు అర్థమైంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ, అంటే కరెంటు బండ్ల రేసు, చూసినప్పుడు నాకూ ఇలాగే అయింది. వెర్న్ గెలిచాడు, కాసిడీ రెండు. గీత దాటినప్పుడు మూడోవాడు బుయెమీ. తర్వాత చూస్తే వాడికి 17 సెకన్ల పెనాల్టీ, అనుమతించిన దానికంటే ఎక్కువ పవర్ వాడాడని. మూడు నుంచి 15కి జారిపోయాడు. మూడో స్థానం డా కోస్టాకి దక్కింది. 2019 కెనడా ఎఫ్1 రేసులో వెటెల్ ముందు దాటాడు, 5 సెకన్ల పెనాల్టీతో గెలుపు హామిల్టన్‌కి పోయింది. దాని గురించి ఇప్పటికీ మా ఆఫీసులో కొట్టుకుంటాం.

నా ఉద్దేశం ఒకటే. ట్రాక్ మీద కష్టపడి సంపాదించింది గదిలో కూర్చుని తీసేస్తే ఆటకి అర్థమేముంది? హెచ్చరిక ఇచ్చి వదిలేయొచ్చుగా, కుర్రాడు కదా.

వడపళని_వకీలు | శనివారం, రాత్రి 9:50

శ్రీను గారూ, నిబంధనల మాట చెబుతాను. కోర్టులో పని చేస్తున్నా, ఒకప్పుడు ఒక టీముకి కాగితాల పని కూడా చూసేవాణ్ణి.

ఫలితాల మీద ప్రొటెస్ట్, అంటే అభ్యంతరం, వేయాలంటే ఆ కాగితం బోర్డు మీద పెట్టిన 30 నిమిషాల్లోపు రాతపూర్వకంగా, ఫీజు కట్టి వేయాలి. అదీ ఎంట్రంట్ వేయాలి, అంటే టీము. తల్లిదండ్రులు వేయడానికి కుదరదు. అయితే మీ విషయంలో స్టీవార్డులు (రేసులో తీర్పు చెప్పే అధికారులు) నిర్ణయమే తీసుకున్నారు కాబట్టి దానికి దారి ప్రొటెస్ట్ కాదు, అప్పీలు. అప్పీలు చేస్తామన్న మాట నిర్ణయం చేతికి వచ్చిన గంటలోపు చెప్పాలి. కొన్ని రకాల పెనాల్టీలకి అప్పీలే లేదు. మీ టీము వాళ్లు అప్పుడే ఏమైనా రాసిచ్చారా?

అంబత్తూరు_శ్రీను | శనివారం, రాత్రి 10:05

లేదండీ. మాకెవరూ చెప్పలేదు. టీము మేనేజర్ బండి రిపేరులో ఉన్నాడు. నేనూ బావా బోర్డు దగ్గరికి వెళ్లేసరికే ఆలస్యం. స్టీవార్డులు పిల్లాణ్ణి పిలిచి అడిగారట, వీడు భయంలో 'చూసుకోలేదు సార్' అని సంతకం పెట్టి వచ్చాడు. ఒక పెద్దమనిషి పక్కన ఉంటే బాగుండేది. ఆ సంగతి తలుచుకుంటేనే కడుపు మండుతోంది.

బండి మీద కెమెరా ఉంది. వీడియో పదిసార్లు చూశా. స్ట్రెయిట్ చివర కాదు, మధ్యలో ఒక జెండా పోస్టు దాటే సమయానికి మావాడి ముందు చక్రం అవతలి బండి వెనక చక్రం పక్కన ఉంది. అంటే అప్పటికే పక్కకి వచ్చేసినట్టేగా? సగం దాటినవాడు ఏం చేయాలి, గాల్లో ఆగిపోవాలా?

పర్యవేక్షకుడు | శనివారం, రాత్రి 10:08

డ్రైవర్ల పేర్లు, నంబర్లు, స్టీవార్డుల పేర్లు ఎవరూ రాయొద్దు. చర్చ మర్యాదగా సాగుతోంది, అలాగే ఉండనివ్వండి.

పచ్చజెండా | శనివారం, రాత్రి 11:17

శ్రీను గారూ, రాయాలా వద్దా అని గంట సేపు ఆలోచించాను. నేను మార్షల్‌ని, అంటే ట్రాక్ పక్కన జెండాలు ఊపి, ఆగిన బండ్లని పక్కకి నెట్టేవాళ్లలో ఒకణ్ణి. ఎనిమిదేళ్లుగా శని, ఆదివారాలు ట్రాక్ మీదే. ఇవాళ మీరు చెప్తున్న జెండా పోస్టులో ఉన్నది మేమే. స్టీవార్డులకి వెళ్లిన రిపోర్టు గురించి ఇక్కడ మాట్లాడను. నా కళ్లతో చూసినది మాత్రం చెప్తాను.

ఒక బండి మూలలో తిరిగిపోయి, వెనక్కి జారి, తారు అంచున ఆగింది. సగం పక్కనున్న గ్రావెల్లో (కంకరలో), సగం ట్రాక్ మీద. ఇంజన్ ఆగిపోయింది. డ్రైవర్ చెయ్యి ఎత్తి బాగానే ఉన్నానని చూపించాడు కానీ బండి అక్కడ ఉండకూడదు. మాలో నలుగురం వెళ్లాం. ఒకడు బండికి వీపు పెట్టి, వచ్చే బండ్ల వైపే చూస్తూ నిలబడతాడు, నోట్లో విజిల్. మిగతా ముగ్గురం నెడతాం. పోస్టులో మా సహచరి రెండు పసుపు జెండాలు ఊపుతోంది. ఒక జెండా ఊపితే వేగం తగ్గించు, దాటొద్దు అని. రెండు ఊపితే ట్రాక్ మీద మనుషులున్నారు, అవసరమైతే ఆగిపోవడానికి సిద్ధంగా ఉండు అని.

నేను వెనక టైరు దగ్గర ఉన్నా. రేసు టైరు వేడిగా ఉంటే దాని మీద గ్రావెల్ రాళ్లు జిగురు పెట్టినట్టు అంటుకుంటాయి. గ్లవ్స్ ఉన్నా ఆ వేడి అరచేతికి తెలుస్తుంది. కాలు జారుతోంది. అప్పుడు విజిల్ పడింది. విజిల్ పడితే అన్నీ వదిలేసి బారియర్ వైపు పరిగెత్తాలి, వెనక్కి చూడకూడదు. పరిగెత్తాం. ముద్దగా వచ్చిన బండ్లలో చాలావరకు నెమ్మదించి ఒకదాని వెనక ఒకటి వెళ్లాయి. రెండు మాత్రం పక్కపక్కనే వచ్చాయి. పక్కపక్కన వచ్చినప్పుడు బయటివైపు బండికి దారి ఎక్కడ? మేము నిలబడి ఉన్న చోటే.

అది మీ మేనల్లుడి బండా కాదా అని నేను చూడలేదు. పరిగెత్తేవాడికి నంబరు కనబడదు. ఎవరి మీదా నాకు కోపం లేదు. అతను కావాలని చేశాడని కూడా అనుకోను.

మీ ప్రశ్నకి జవాబు: పోస్టు దాటేటప్పటికి పక్కన ఉన్నా సరే, ఓవర్‌టేక్ పూర్తి కాకపోతే వెనక్కి తగ్గాలి. దాటేశాక తెలిస్తే, ప్రమాదం తొలగిందని చెప్పే పచ్చజెండా వచ్చాక ఆ స్థానం తిరిగి ఇచ్చేయాలి. ఇచ్చేస్తే చాలాసార్లు విషయం అక్కడితో ముగుస్తుంది.

హైదరాబాదు_హరి | శనివారం, రాత్రి 11:26

అన్నా, ఇందాక రాసిన చివరి రెండు వాక్యాలు వెనక్కి తీసుకుంటున్నా. హెచ్చరికతో వదిలేయాలని నేననడం తప్పు. జపాన్ సుజుకాలో 2014 అక్టోబర్ 5న ఎఫ్1 డ్రైవర్ జూల్స్ బియాంకీకి జరిగింది కూడా రెండు పసుపు జెండాల కిందే. వాన, చీకటి పడుతోంది, ముందు ల్యాప్‌లో జారిన బండిని క్రేను వాహనం తీస్తోంది. బియాంకీ కూడా అక్కడే జారి దానికింద గుద్దుకున్నాడు. తర్వాతి ఏడాది జులైలో కన్నుమూశాడు. ఆ దుర్ఘటన తర్వాతే బండ్లన్నీ ఒకేసారి వేగం తగ్గించాల్సిన వర్చువల్ సేఫ్టీ కారు అనే పద్ధతి తెచ్చారు. టీవీ ముందు కూర్చుని ఇవన్నీ తెలిసి కూడా అలా రాశాను.

రెడ్‌హిల్స్_పెద్దాయన | ఆదివారం, తెల్లవారుజామున 5:10

నాకు 68 ఏళ్లు. తెల్లవారుజామునే లేస్తాను, ఇది చదివి కూర్చున్నాను.

మా నాన్న నన్ను సైకిల్ ముందు కమ్మీ మీద కూర్చోబెట్టుకుని సోలవరం తీసుకెళ్లేవారు. మన నెల్లూరు రోడ్డులోనే కదా. రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాల పట్టీ అది. దాని మీదే మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు రేసులు నడిపేవారు. ఫిబ్రవరి వచ్చిందంటే మద్రాసంతా అటే. ఎండ, దుమ్ము, వేరుశనక్కాయల పొట్లాలు, పెట్రోలు వాసన. ఎవరికి వారు ఇంట్లో కట్టుకొచ్చిన బండ్లు, మహారాజుల బండ్లు, బైకులు, అన్నీ ఒకేరోజు. విజయ్ మాల్యా కూడా అక్కడ ఫార్ములా కారు నడిపాడు.

బాబూ, అక్కడ జనానికీ బండికీ మధ్య దూరం ఎంతో తెలుసా? నేను చేయి చాపితే తగులుతుందేమో అన్నంత భయం వేసేది. అప్పట్లో దాన్నే ధైర్యం అనుకునేవాళ్లం. ఇరుంగాట్టుకోట్టైలో 1990లో పద్ధతి ప్రకారం ట్రాక్ కట్టారు, 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. మొదటిసారి వెళ్లినప్పుడు జనాన్ని అంత దూరంగా ఎందుకు పెట్టారా అని విసుక్కున్నాను. ఇప్పుడు మార్షల్ బాబు రాసింది చదివాక ఆ దూరం ఎందుకో తెలిసింది.

ఇంకో మాట. మీరంతా ఎల్‌జీబీ బండి గురించి మాట్లాడుతున్నారు కాబట్టి కరివర్ధన్ గారిని తలుచుకోవాలి. మామూలు మారుతి 800 ఇంజన్‌తో ఫార్ములా మారుతి కట్టి, లక్షాధికారి కాని కుర్రాళ్లకి కూడా రేసు బండి అందేలా చేసిన మనిషి. 1995లో చిన్న విమానం కూలి చనిపోయారు. కోయంబత్తూరు ట్రాక్‌కి ఆయన పేరే పెట్టారు. నారాయణ్ కార్తికేయన్ మొదటి రేసు మన ఇరుంగాట్టుకోట్టైలోనే, ఫార్ములా మారుతిలోనే, అందులోనే పోడియం. ఆ కుర్రాడు 2005లో జోర్డాన్ బండి ఎక్కి ఎఫ్1కి వెళ్లాడు. నీ మేనల్లుడు తిరుగుతున్నది అదే తారు మీద. ఏడో స్థానం గురించి ఎక్కువ దిగులు పెట్టుకోకు నాయనా.

ఓఎంఆర్_లక్ష్మి | ఆదివారం, ఉదయం 6:25

పచ్చజెండా గారూ, మీ పోస్టు మా ఆయనకి చదివి వినిపించాను. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాం.

అయినా ఒకటి అడగాలి, పిల్లాడి తరఫున. స్పానర్ గారు చెప్పినట్టు ముందు బండికి అతుక్కుని వెళ్తుంటే, అంత కింద కూర్చున్నవాడికి జెండా కనిపిస్తుందా? ముందు బండి వెనక భాగం తప్ప ఏం కనబడుతుంది? కనిపించనిదానికి శిక్ష ఎంతవరకు సబబు?

కోయంబత్తూరు_స్పానర్ | ఆదివారం, ఉదయం 6:50

చాలా మంచి ప్రశ్న మేడం. నిజమే, కనిపించడం కష్టం. డ్రైవర్ దాదాపు పడుకున్నట్టు కూర్చుంటాడు, నేలకి జానెడు ఎత్తులో. ముద్దలో ఉన్నప్పుడు కళ్లు ముందు బండి వెనక చక్రాల మీదే ఉంటాయి. ఉండాలి కూడా. ఎందుకంటే చక్రాలు బయటికి ఉన్న బండ్లలో ఆ తాకిడి మహా ప్రమాదం. ముందు బండి వెనక చక్రం తిరిగేటప్పుడు దాని వెనకవైపు పైకి లేస్తూ ఉంటుంది. మన ముందు చక్రం దానికి ఆనిందంటే అది మనల్ని పైకి విసురుతుంది. బండి అమాంతం గాల్లోకి లేస్తుంది.

అందుకే నేను పని చేసిన కుర్రాళ్లందరికీ ఒకటే చెప్పేవాణ్ణి. ప్రతి ల్యాప్ జెండా పోస్టులు ఎక్కడెక్కడున్నాయో ముందురోజే నడిచి చూసుకో. రేసులో ఆ పోస్టు వచ్చే ముందు ఒక్క క్షణం కళ్లు ఎత్తు. అది అలవాటైపోవాలి.

ఇప్పుడు శ్రీను అన్నకి నాదొక ప్రశ్న. రాత్రి నుంచీ నన్ను తొలుస్తోంది. అందరివీ ఒకటే బండ్లు అన్నాను కదా. స్ట్రెయిట్ చివర బ్రేకింగ్ దగ్గర ఓవర్‌టేక్ అయితే అర్థం చేసుకుంటా. మీరు చెప్తున్నది ఆ చోటు కాదు, మధ్యలో. అక్కడ ఒకటే ఇంజన్ ఉన్న బండి ఇంకోదాన్ని అంత తేలిగ్గా ఎలా దాటింది? వీడియోలో బొమ్మ కాదు, శబ్దం వినండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ముందు బండి ఇంజన్ శబ్దం మాత్రమే వినండి.

అంబత్తూరు_శ్రీను | ఆదివారం, ఉదయం 7:48

ట్రాక్ పార్కింగ్ నుంచి రాస్తున్నా.

స్పానర్ అన్నా, మీరు చెప్పింది దారిలో చదివా. బండి పక్కకి ఆపి, మావాడికి ఫోను, ఇయర్‌ఫోన్స్ ఇచ్చి ఏమీ చెప్పకుండా విను అన్నా. రెండుసార్లు విన్నాడు. మూడోసారి కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత ఫోను నా చేతిలో పెట్టి 'అతను లిఫ్ట్ చేశాడు మామయ్యా' అన్నాడు.

ముందువాడు జెండా చూసి యాక్సిలరేటర్ వదిలాడు. శబ్దం స్పష్టంగా పడిపోతుంది. మావాడు అది ఖాళీ దొరికింది అనుకుని పక్కకి దూరాడు. నేను పదిసార్లు చూసిన వీడియోలో చక్రం ఎక్కడుందనే చూశా. ఆ చక్రం అక్కడికి ఎలా వచ్చిందో ఆలోచించలేదు.

వాడు ఆ డ్రైవర్ గ్యారేజీకి వెళ్లి చెప్పి వస్తానన్నాడు. వెళ్లాడు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. తిరిగొచ్చి అక్క క్యారియర్ తెరిచి నిన్నటి పులిహోరే తిన్నాడు, అక్క వద్దు పాడైపోయి ఉంటుందన్నా వినలేదు.

పచ్చజెండా గారూ, మీకేమని రాయాలో తెలియట్లేదు. మీ ఇంట్లో కూడా మీకోసం ఎదురుచూసే వాళ్లుంటారన్న సంగతి నిన్న నాకు తట్టలేదు.

ఒక్క మాట మీద మాత్రం ఇప్పటికీ నిలబడతా. 19 ఏళ్ల పిల్లాణ్ణి పిలిచి అడిగేటప్పుడు టీము నుంచి ఒకరు పక్కన ఉండాలి. శిక్ష తగ్గించమని అనను. వాడికి ఏం జరుగుతుందో తెలియాలి కదా.

వడపళని_వకీలు | ఆదివారం, ఉదయం 8:15

ఆ చివరి మాటతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. విచారణకి ఎంట్రంట్ ప్రతినిధి వెంట వెళ్లొచ్చు. టీము వాళ్లు మెకానిక్ పని ఆపైనా వెళ్లాలి. ఇవాళ వాళ్లతో ఆ మాట సూటిగా అనండి, మర్యాదగా, కానీ అనండి.

అంబత్తూరు_శ్రీను | ఆదివారం, సాయంత్రం 4:35

రెండో రేసు అయింది. ఐదో స్థానం.

ఏడు నుంచి మొదలుపెట్టి, మంచి స్టార్ట్‌తో మొదటి ల్యాప్‌లోనే ఐదుకొచ్చాడు. మధ్యలో మూడుకి వెళ్లాడు. తర్వాత ఒకచోట పసుపు జెండా. నేను స్టాండ్లో లేచి నిలబడిపోయా, గుండె నోట్లోకి వచ్చింది. వాడు ముందే లిఫ్ట్ చేశాడు, మరీ ముందే. పచ్చజెండా వచ్చేసరికి వెనకున్న ఇద్దరూ వాడి గాలి పట్టుకుని అతుక్కుని ఉన్నారు. తర్వాతి స్ట్రెయిట్ చివర ఇద్దరూ దాటేశారు. వాడు మళ్లీ ఒకణ్ణి పట్టుకోవాలని చివరి ల్యాప్ దాకా ప్రయత్నించాడు, కుదరలేదు.

హెల్మెట్ తీశాక ముఖం మీద చెమట, నుదుటి మీద బాలక్లావా (హెల్మెట్ లోపలి ముసుగు) గుర్తు. 'ఎంత లిఫ్ట్ చేయాలో ఇంకా తెలియట్లేదు మామయ్యా' అన్నాడు. మెకానిక్‌తో డేటా చూడాలని లాప్‌టాప్ దగ్గర కూర్చున్నాడు. బావ రాత్రి రైలు టికెట్ రద్దు చేసుకుని రేపు వెళ్దామంటున్నాడు.

కోయంబత్తూరు_స్పానర్ | ఆదివారం, సాయంత్రం 4:50

అది చాలా పెద్ద ప్రశ్న అన్నా, ఎంత లిఫ్ట్ చేయాలన్నది. నెమ్మదించాడని డేటాలో కనిపించాలి, అనవసరంగా స్థానం పోకూడదు. యాక్సిలరేటర్ ఎంత నొక్కాడో చూపే థ్రాటిల్ గీత చూస్తే తెలుస్తుంది, నిన్న ఆ మూలలో ఎంత ఉంది, ఇవాళ ఎంతకి తగ్గింది, ఎంతసేపు తగ్గింది. పాత డ్రైవర్లు జెండా పోస్టు ముందే కొద్దిగా వదిలి, బండి నిలకడగా ఉంచి, పచ్చజెండా కంటపడేలోపే సరైన గేరులోకి దిగి సిద్ధంగా ఉంటారు. గీత తీసుకుని నాకు సందేశం పంపమనండి, కూర్చుని చూస్తాను.

పచ్చజెండా | ఆదివారం, రాత్రి 7:40

ఇప్పుడే ఇంటికొచ్చి స్నానం చేశా. శ్రీను గారూ, రెండో రేసులో ఆ జెండా మా పోస్టుది కాదు, పక్క పోస్టుది. అయినా అక్కడున్న మిత్రుడు సాయంత్రం టీ దగ్గర ఒక బండి చాలా ముందే నెమ్మదించిందని చెప్పాడు. ఏ బండి అని నేను అడిగాను.

మధ్యాహ్నం ప్యాడాక్‌లో (టీముల గ్యారేజీల దగ్గర) ఒక కుర్రాడు మా మార్షళ్ల నారింజ రంగు ఓవరాల్ వేసుకున్న ప్రతివాళ్ల దగ్గరికీ వెళ్లి నిన్న ఫలానా పోస్టులో ఉన్నది ఎవరని అడుగుతున్నాడట. నేను లంచ్‌లో ఉన్నా, దొరకలేదు. వచ్చే రౌండులో నేనే వెతుక్కుంటూ వస్తానని చెప్పండి.

ఓఎంఆర్_లక్ష్మి | ఆదివారం, రాత్రి 8:02

పచ్చజెండా గారూ, మా అమ్మాయికి 20 ఏళ్లు. మీ పోస్టులో రెండు జెండాలు ఊపింది ఒక అమ్మాయి అని చదివినప్పటి నుంచి తనూ మార్షల్‌గా వస్తానంటోంది. అలా చేరొచ్చా? ఏమైనా అనుభవం కావాలా?

పచ్చజెండా | ఆదివారం, రాత్రి 8:20

తప్పకుండా రావొచ్చండీ. అనుభవం అక్కర్లేదు, ముందు శిక్షణ ఇస్తారు. మొదట్లో పోస్టులో పెద్దవాళ్ల పక్కన నిలబెడతారు, ట్రాక్ మీదికి పంపరు. నైలాన్ బట్టలు వద్దు, కాటన్ పొడుగు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు, కాళ్లు పూర్తిగా కప్పే బూట్లు. టోపీ, రెండు లీటర్ల నీళ్లు. ఇరుంగాట్టుకోట్టై ఎండ సంగతి తెలిసిందే. పొద్దున 6 గంటలకల్లా గేటు దగ్గర ఉండాలి. విజిల్ మేమే ఇస్తాం.